ఒంటి గొర్రె

ఎల్లేశం జొన్నరొట్టె ఆఖరి తుంట నమిలి, అరచేతిలోని మాత్రలు ఒక్కొక్కటే మింగాడు. అన్నీ గొంతు దిగేదాకా చూసి, అప్పుడు భార్య రామమ్మ చెంబు అందుకుంది. బొల్లి గొర్రె అతని మోకాలికి ఒరిగి నిలబడింది.

"రొట్టె తినందే గోళీలియ్యవు. గోళీలేసుకోందే కదలనియ్యవు. పోలీసోళ్లు నయమే నీకన్న!"

"అవ్ మరి. పోయినపాలి ఇడ్సిపెట్టే గదా నెత్తురు కక్కుకుంటొచ్చినవ్?"

అప్పుడూ ఇట్లాగే అతనికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. క్షయ పోయిందనుకొని మందతో నందికొండ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయాడు. మాత్రలు అయిపోయినా తిరిగి రాలేదు. చివరికి తమ్ముడు నాగేందర్ ఆటోలో పడుకోబెట్టి కల్వకుర్తి దవాఖానకు తెచ్చాడు. మందులు మళ్లీ మొదటి నుంచి మింగాల్సి వచ్చింది.

దసరాకు మంద ఊరు దాటుతుంటే నాగేందర్ కాలు విరిగిన బొల్లిని వాకిట్లో దించాడు. "గిది నడిచేదాక నువ్వు యాడికి పోకు అన్నా" అన్నాడు. ఎల్లేశం వెదురుబద్దలు కట్టి దాన్ని నడిపించాడు. కాలు అతికింది. కానీ ఏ మంద గంటలు వినబడినా బొల్లి చెవులు రిక్కించి వీధి వైపే చూసేది. ఎల్లేశమూ అటే చూసేవాడు.

మాత్రలు మింగిన ఆ పొద్దే మధ్యాహ్నం నాగేందర్ మందను తోలుకొని మళ్లీ వచ్చాడు. వీధి నిండా దుమ్ము, ఉన్ని వాసన. ఎల్లేశం గొంగడి భుజాన వేసుకొని కట్టె పట్టుకున్నాడు. రామమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

బొల్లి ఉరికి మందలో కలిసింది. తెల్లటి దాని మొహం వీపుల నడుమ ఒకసారి తేలి మాయమైంది. వెనక్కి చూడలేదు. ఎల్లేశం దాని వెంట నడిచాడు. వీధి మలుపు దాకా పోయాడు. అక్కడ ఆగాడు.

"తోల్కపో తమ్మీ. నేనుంట."

నాగేందర్ తల ఊపి మందను అదిలించాడు.

ఎల్లేశం తిరిగొచ్చేసరికి రామమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"గొర్రె పోతే నువ్వు గూడ పోతవనుకున్న."

"కాలిరిగినదాన్ని భుజానేసుకపోతం గని ఇంటికాడ దించిపోతమా పిచ్చిదానా? వాడు దించిననాడే ఎర్కైంది, గిది నీ పనని."

"మరి ఎందుకూకున్నవ్?"

"నన్ను ఉంచుకునేటందుకు వాణ్ని ఎంత బతిమాలినవో అనుకున్న. నేను ఉండాలని గంతగనం కోరేటోళ్లు నాకెవరున్నరే?"

గంటల చప్పుడు చెరువుకట్ట దాటి సన్నబడింది. పూర్తిగా ఆగిపోయింది. ఆ తర్వాత కూడా ఎల్లేశం కాసేపు అటే చెవి పెట్టి నిలబడ్డాడు.

వాకిట్లో గుంజకు కట్టిన తుమ్మకొమ్మకు బొల్లి నోరు అందినంత మేర ఆకు లేదు; దానిపైన మాత్రం ఇంకా పచ్చగా ఉంది.