ఐదు మడతల గుడ్డ

హలో, వినబడుతోందా అండీ? ఆ టీవీ సౌండు కాస్త తగ్గించి వినండి. పది రకాల దెబ్బలు నేర్చినవాడికి మనం చప్పట్లు కొడతాం. కానీ బాక్సింగులో ముదిరిన పాతకాపుని అడగండి, ఎవరంటే భయమని. ఒక్కటే దెబ్బ వచ్చినవాడంటే అంటాడు. ఏది వస్తుందో ముందే తెలుసు, అయినా తప్పించుకోలేడు. అలాంటివాడొకడు ఉండేవాడు. అందరూ ‘ఒంటిదెబ్బ’ అనేవాళ్ళు. వాడి చివరి రోజు సంగతి చెబుతాను.

ఆ పొద్దున ఒంటిదెబ్బ జిమ్ మూలన స్టూలు మీద కూర్చుని, చిరిగిన పంచింగ్ బ్యాగుని మోకాళ్ళ మధ్య ఇరికించి కుడుతున్నాడు. దబ్బనం కుడిచేత్తో గుచ్చి, దారం పళ్ళతో లాగుతాడు. ఎడమచెయ్యి అదిమిపట్టడానికే పనికొస్తుంది. అందులో రెండు వేళ్ళు మెటికల దగ్గర విరిగి, లోపలికి ముడుచుకుపోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. పొట్టి మెడ, తలుపంత భుజాలు, ఒక పక్కకి ఒరిగిన ముక్కు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతోంది. పాత చెయ్యేగా అనుకున్నాడు.

ఎనిమిది కాగానే గ్లాసులో టీ పోసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అక్కడ బావ ఉంటాడు. అక్క మొగుడు, ఆ జిమ్‌కి పెద్ద కోచ్. గ్లాసుని ఎడమచేత్తోనే చాచాడు, వంకరవేళ్ళు సరిగ్గా బావ ముక్కు కిందికి వచ్చేలా.

“టీ బావా.”

“అక్కడ పెట్టరా.”

“చేతికి తీసుకో. ఒలికిపోతుంది.”

బావ తలెత్తకుండా అందుకున్నాడు. ఆయన మెడ మీద చెమట చూసుకుని ఒంటిదెబ్బ బయటికొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ ఇంతే. రింగులో ఎలా కొట్టేవాడో ఇక్కడా అలాగే. అదే దెబ్బ, అదే చోట.

రింగులో వాడికి వచ్చింది ఎడమచేత్తో సూటిగా గుద్దడం ఒక్కటే. కాళ్ళు గేదె కాళ్ళు, పక్కకి తప్పుకోవడం తెలీదు. అప్పట్లో వాడికి నేర్పినవాడూ బావే. “ఒక్క కూరతో విందు పెడతావట్రా?” అని ఎగతాళి చేసేవాడు. “కూర బాగుంటే రెండోది ఎవడడుగుతాడు బావా?” అనేవాడు వీడు. ఆ ఒక్క కూరతోనే పంతొమ్మిది మందిని పడుకోబెట్టి ఫైనల్‌కి వచ్చాడు.

ఆ చుట్టుపక్కల బాక్సర్లలో ఒక పద్ధతుంది. చేతికి కట్టు కడుతున్నంతసేపూ ఆటగాడు తల పక్కకి తిప్పుకోవాలి. చూస్తే, కట్టేవాణ్ణి అనుమానించినట్టు. మెటికల మీద పన్నెండు మడతల మెత్తటి గుడ్డ పెట్టి, దానిమీద పట్టీ చుట్టాలి. ఆ ఫైనల్ రోజు బావ కట్టాడు. వీడు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

రెండో రౌండులో వీడి గుద్దు అవతలివాడి నుదుటికి తగిలింది. పటుక్కుమన్నది నుదురు కాదు, వీడి చెయ్యి.

కట్టు విప్పాక గుడ్డ లెక్కపెట్టుకున్నాడు. ఐదు మడతలే. నెల తిరక్కుండా, అవతలివాణ్ణి పోటీకి నిలబెట్టిన పెద్దమనిషి తన జిమ్‌కి బావని పెద్ద కోచ్‌ని చేశాడు. అప్పుడు ఒంటిదెబ్బ వెళ్ళి, “నాకూ ఇక్కడే ఏదన్నా పని చూడు బావా” అన్నాడు. బావ కాదనలేకపోయాడు. అక్క కాపురం చూసి వీడు నోరు కుట్టేసుకున్నాడు. ఆ అక్క పోయి ఇప్పటికి ఏడాది.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది, భుజాన సంచీతో. ఇరవై ఏళ్ళ పిల్ల. దానికీ ఎడమచేతి గుద్దు ఒక్కటే వచ్చు. బ్యాగులు కుడుతూ కుడుతూ మామయ్యే నేర్పాడు. సాయంత్రం పక్క హాల్లో దానికి ఫైనల్.

“మామయ్యా, నాన్నకి చేతులు వణుకుతున్నాయి. ఇవాళ నువ్వే కట్టు కట్టాలి.”

“నేనా? మీ నాన్న ఒప్పుకున్నాడా?”

“ఆయన ఒప్పుకునేదేంటి, చెయ్యి నాది!”

అది వెళ్ళిపోయాక గుడ్డ తీసి మడతపెట్టాడు. ఒకటి, రెండు... ఐదు. అక్కడ ఆపేసి చేతిలో పట్టుకుని చూశాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, బావ ప్రాణమంతా ఆ పిల్ల పిడికిట్లో ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. నోట్లో ఏదో తియ్యగా ఊరింది. గుడ్డ జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

కట్టు గదిలో పిల్ల చెయ్యి చాచి, పద్ధతి ప్రకారం తల తిప్పుకుంది. బావ తలుపు దగ్గర నిలబడి, గుడ్డనే చూస్తున్నాడు. ఆ భయం చూడగానే ఒంటిదెబ్బకి తన దెబ్బ ఏదో తెలిసింది. ఈ పిల్ల కాదు. ఎప్పుడూ కొట్టవలసింది ఒకటే మొహం, బావది.

“ఇటు తిరుగమ్మా. చూడు. మడతలు పైకి లెక్కపెట్టు.”

“చూడకూడదుగా మామయ్యా?”

“చూడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. లెక్కపెట్టు.”

పిల్ల నవ్వుతూ లెక్కపెట్టింది. పన్నెండు. వాడు పట్టీ బిగువుగా చుట్టి, చివర అంటించాడు. తర్వాత వెంట తెచ్చుకున్న తన సూదుల డబ్బా అడుగునుంచి పసుపుపచ్చబారిన పాతగుడ్డ ఒకటి తీసి దాని ఒళ్ళో పెట్టాడు. మధ్యలో తుప్పురంగు మరక.

“ఇది కూడా.”

“ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మరి మిగతావి?”

“కట్టినాయన్ని అడుగు. తలుపు దగ్గరే ఉన్నాడు.”

పిల్ల ముందు మామయ్య వేళ్ళు చూసింది. తర్వాత నాన్న వైపు చూసింది.

“నాన్నా?”

“టైమైంది పదమ్మా...” అంటూ బావ తల పక్కకి తిప్పుకున్నాడు.

“రింగులో నువ్వు నా మూలకి రావద్దు నాన్నా” అంది పిల్ల. గుడ్డ స్టూలు మీద పెట్టి ఒక్కతే వెళ్ళిపోయింది. బావ గోడ పట్టుకుని దాని వెనకాలే వెళ్ళి, హాలు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఒంటిదెబ్బ కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. కేకలు, గంట, మళ్ళీ కేకలు. వాటి మధ్యలో ఒకటే చప్పుడు, ఠప్, ఠప్ అని, తడిబట్ట బండకేసి బాదినట్టు. పన్నెండు మడతల చప్పుడది. భుజంలోని లాగుడు ఛాతీలోకి దిగింది. కళ్ళు మూసుకున్నాడు.

పిల్ల గెలిచింది. పరుగున వచ్చి, “మామయ్యా, కట్టు నువ్వే విప్పాలి!” అని చెయ్యి చాచింది. వాడు కళ్ళు తెరవలేదు. వెనకే వచ్చిన బావ ఆ ముడుచుకున్న చెయ్యి పట్టి చూసి, అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత కట్టు విప్పడానికి కత్తెర తీసి కూతురి వైపు చాచాడు. పిల్ల కట్టుతోనే తన చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఇదండీ సంగతి. నమ్మి, తల తిప్పుకుని, చెయ్యి చాచినవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. వాళ్ళకి ఈ కథ పంపండి. కట్టు కట్టినవాళ్ళకి ముందు పంపండి.

స్టూలు మీది ఆ గుడ్డని మాత్రం ఇప్పటికీ ఎవరూ తియ్యలేదు. మధ్యలో మరక, ఐదే మడతలు.