ఏసీ బండి కదిరప్ప

కదిరప్ప మోచేతులదాకా బ్లీచింగు నీళ్లతో కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఆ తర్వాతే బండి తలుపు తీశాడు. తీయగానే ముఖం చిట్లించాడు. ఏసీ గాలి వచ్చేచోట పచ్చటి సెంటు సీసా ఒకటి తగిలించి ఉంది. నిన్న ఏసీకి గ్యాసు నింపిన మెకానిక్ వినోద్ ఇచ్చిన బహుమానం అది.

"ఎవుర్ని సంపాలని పెట్నావప్పా దీన్ని!" అని పక్కన లేని వినోద్‌ను తిట్టి, సీసాను పీకి గోడవతలికి విసిరేశాడు. ఆ వాసన పోయేదాకా తలుపులన్నీ తెరిచిపెట్టి, లోపలంతా తడిగుడ్డతో తుడవాల్సి వచ్చింది. తెల్లవారుజామున కదలాల్సిన బండి పొద్దెక్కాక గాని కదలలేదు.

మదనపల్లె బయట షెడ్డులో గంగాధరం పట్టుపురుగుల పిల్లలను పెంచి రైతులకు పంపిస్తాడు. వాటిని మోసే రెండు వరసల సీట్ల పికప్పు గంగాధరానిదే. కానీ ఆ మాట కదిరప్ప ముందు అనే ధైర్యం ఆయనకే లేదు. వెనక వరస సీట్లు పీకించి, పురుగుల తట్టలు పేర్చుకునేలా చేయించింది కదిరప్ప. అద్దాలు బిగించుకుని కుప్పం దాకా తిరుగుతూ 'ఏసీ బండి కదిరప్ప' అని పేరు తెచ్చుకున్నాడు. పేరు నిలిచింది గాని ఏసీ నిలవలేదు. ఎండలు మొదలయినప్పటి నుంచి గ్యాసు నింపించడం, వారం తిరక్కుండా అది పోవడం. వినోద్ ఒకసారి పైపు అన్నాడు, ఇంకోసారి కంప్రెసరు అన్నాడు. ఏమీ తోచనప్పుడు తప్పును గుంతల రోడ్డు మీదికి తోసేశాడు.

పట్టుపురుగు పిల్లకు వేడి పడదు, పొగ పడదు, ఘాటు వాసన అసలే పడదు. భార్య ప్రసన్నలక్ష్మి ఏళ్ల తరబడి మొత్తుకున్నా మానని బీడీని కదిరప్ప ఈ పురుగుల కోసం ఒక్కరోజులో మానేశాడు. ఆవిడ దాన్ని ఇప్పటికీ క్షమించలేదు. తలకు వాసన నూనె లేదు, ముఖానికి పౌడరు లేదు. కూతురు కీర్తి పెళ్లిలో వియ్యంకుడు గంధం పూయబోతే చెంప తిప్పుకుని, "రేపు లోడుండాది బావా" అన్నాడు. పెళ్లివారు చాలాకాలం నవ్వుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అన్నాడు కదిరప్ప.

ఈరోజు లోడు కుప్పం దగ్గర పల్లెలో నవనీతది. కిందటిసారి వేరే డ్రైవరు తెచ్చిన పురుగులు దారిలోనే వేడికి వాడి, ఆమె షెడ్డులో తట్టలకు తట్టలు చచ్చిపోయాయి.

"ఈ తూరీ పోతే మల్బరీ తోట పెరికి టమాటా పెడతానంటాండాడు మా ఆయన. ఆ తోట నేను కడవతో నీళ్లు మోసి బతికించుకుండేది కదిరప్పన్నా. నువ్వే తేవాల" అంది ఫోనులో.

"నా బండి ఎక్కినేటివి సావవు తల్లీ" అన్నాడు. ఆ మాట అనగలిగిన డ్రైవరు ఆ దారిలో అతనొక్కడే.

పుంగనూరు దాటగానే గాలి వెచ్చబడింది. కదిరప్ప చెయ్యి పెట్టి చూశాడు. డ్యాష్‌బోర్డును అరచేత్తో చరిచాడు. ఇంకా వెచ్చటి గాలి వచ్చింది.

"అలిగినావా మళ్లా?" అన్నాడు బండితో.

వెనక్కి తిరిగితే గంగాధరం షెడ్డులో చోటు లేదు, అప్పుడే తర్వాతి విడత పురుగులు దిగిపోయాయి. అద్దాలు దించుదామంటే దారికి రెండు పక్కలా టమాటా తోటల్లో మందు కొడుతున్నారు. ఆ గాలి సోకితే ఇంక చెప్పే పని లేదు. చింతచెట్టు నీడన బండి ఆపి, తట్టల మీద కప్పిన గోనెపట్టలను నీళ్లతో తడిపాడు. తాగడానికి తెచ్చుకున్న సీసా కూడా అందులోకే పోయింది. పై తట్టకు గోనె చాలలేదు. భుజం మీది తువ్వాలును తడిపి పరిచాడు. ఫ్యాను గాలి తనకు కాకుండా తట్టలకు తగిలేలా రెక్కలు తిప్పి, అద్దాలు బిగించి బయలుదేరాడు.

పలమనేరు దాటాక ఎడమ భుజం లాగింది. స్టీరింగు బిగుసుకుందనుకున్నాడు. ఒక హోటలు ముందు ఆగి, రెండు చెంబుల నీళ్లు తాగి, గోనెలూ తువ్వాలూ మళ్లీ తడిపాడు.

"మొగమంతా కందిపోయుండాదే! రవంత సేపు కూసోప్పా" అన్నాడు హోటలాయన.

"నేను కూసుంటే అవి సస్తాయప్పా" అని బండెక్కాడు.

నవనీత మల్బరీ లేతాకు సన్నగా తరిగి సిద్ధంగా ఉంచింది. ఆమె భర్త దేవేంద్ర చేతులు కట్టుకుని గడపలో నిలబడ్డాడు, నమ్మకం లేనట్టు. కదిరప్ప చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, తట్టలన్నీ తానే లోపలికి మోశాడు. సాయం వస్తానన్నా వినలేదు. పై తట్ట మీది తువ్వాలు పక్కకు జరిపి మెల్లగా ఊదాడు. సన్నటి పురుగులన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. నవనీత ఆకు చల్లింది. ఆకంతా కదలసాగింది.

దేవేంద్ర వంగి చాలాసేపు చూశాడు. "బాగానే ఉండాయి" అన్నాడు చివరికి.

"నేను సెప్పలా!" అన్నాడు కదిరప్ప. నవనీతకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతనికీ పట్టరాని సంతోషంగా ఉంది. "మజ్జిగుంటే పొయ్ తల్లీ" అని బయటికి వచ్చి, షెడ్డు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు.

ఆమె చెంబుతో వచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడనుకుని చెంబు పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి తాకి చూసి, దేవేంద్రను కేకేసింది. 108 వాళ్లు వచ్చి చూసి, ప్రాణం పోయిందన్నారు.

ప్రసన్నలక్ష్మికి కబురు చేశారు. ఊరివాళ్లు చేరారు. పక్కింటి విజయమ్మ ఊదుబత్తుల కట్ట తెచ్చి, అతని తల దగ్గర కూర్చుని అగ్గిపుల్ల తీసింది. నవనీత ఆ చెయ్యి పట్టుకుంది.

"ఈడొద్దు పెద్దమ్మా. లోపల పురుగులుండాయి. ఆయన ఒప్పుకోడు."

విజయమ్మ తెల్లబోయి చూసింది. దేవేంద్ర ఆమె చేతిలోంచి కట్ట తీసుకుని వీధి అవతలికి వెళ్లి పెట్టి వచ్చాడు. తర్వాత కొడవలి తీసుకుని, సాయంత్రం మేతకు ఆకు కోయడానికి తోటలోకి నడిచాడు.

లోపల పై తట్ట అంచున కదిరప్ప తువ్వాలు వేలాడుతోంది. దాని తడి ఇంకా ఆరలేదు.