నాన్న టగ్గు ఇంకా చిన్నది కావాలట

1934లో నేను వేసిన బొమ్మ పత్రికలో నిండు పేజీకి పడబోతోందని తెలిసిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. న్యూయార్క్ వెళ్లే కొత్త ఓడకు ప్రకటన అది! లండన్‌లోని మా ప్రకటనల ఆఫీసులో ఆడవాళ్లకు అప్పటిదాకా టోపీలు, సబ్బులే ఇచ్చేవారు. ఓడ ఇవ్వడం అదే మొదలు.

నేను సౌతాంప్టన్ రేవులో పుట్టినదాన్నని ఇచ్చారు. మా నాన్న ఏమస్ కాబెట్, పెద్ద ఓడల్ని తాళ్లు కట్టి లాగే టగ్గు పడవకు కెప్టెన్. బొమ్మలో ఓడ ముందు ఆయన టగ్గునే వేశాను, పొగగొట్టం మీది తుప్పుతో సహా. "నాన్నా, నీ టగ్గు పత్రికలో పడుతోంది" అని ముందే చెప్పేశాను కూడా. నాకు నోరాగదు.

మా ఆఫీసులో బొమ్మలు ఖాయం చేసే ట్రెడ్‌గోల్డ్ గారు దాన్ని చేయి చాచి పట్టుకుని చూశారు.

"ఓడ బ్రహ్మాండం! ఈ పడవేంటమ్మాయ్, ఇంత లావుంది? చిన్నది చెయ్యి."

"ఉన్నదే అంతండీ. కొలత ప్రకారం వేశాను."

"కొలతలెవడిక్కావాలి? టిక్కెట్టు కొనేవాడికి ఓడ కొండలా కనబడాలి. పక్కనున్నవన్నీ చీమలైపోవాలి."

చిన్నది చేశాను. "ఇంకా" అన్నారు. మళ్లీ చేశాను. చివరికి నాన్న టగ్గు చొక్కా బొత్తామంత అయింది. నాకు ఒళ్లు మండిపోయింది. కుంచె ఆయన మొహాన కొట్టి పోదామనుకున్నాను. కానీ ఆ పేజీ మీద ఆశ చావలేదు.

పత్రిక రాగానే రైలెక్కాను. ఎవరో చూపించి ఆయన మనసు కష్టపెట్టేలోపు నేనే చెప్పుకోవాలని నా ఆరాటం. తీరా వెళితే నాన్న అప్పటికే రేవు పక్క పబ్బులో ఉన్నాడు. బల్ల మీద నా పేజీ, చుట్టూ టగ్గుల వాళ్లు.

"నీ టగ్గేదిరా ఏమస్? ఇదా? ఈగ వాలిందనుకున్నానే!" అన్నాడొకడు.

పబ్బంతా గొల్లుమంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నవ్వండ్రా, నవ్వండి" అంటూ నాన్న ఆ చుక్క పక్కన వేలు పెట్టాడు. "ఈ కొండ చూశారా? దీన్ని లాగుతున్నదెవరు? ఈ ఈగ! మీలో ఎవడైనా లాగాడురా, ఇంతదాంతో అంతదాన్ని?"

నవ్వులు ఆగిపోయాయి. ఒకడు కళ్లజోడు పెట్టుకుని మరీ వంగి చూశాడు. అప్పుడు నాన్న నన్ను చూసి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"రావే అమ్మడూ! అంతా బాగుంది గానీ, నన్ను కాస్త పెద్దగా వేశావే. ఈసారి ఇంకా తగ్గించు!"