కుళ్లుకుంటేనే వాలే పువ్వు

పొద్దున్నే కుట్టుమిషన్‌కు నూనె వెయ్యకముందే దెబోరా ఎదురు దుకాణం వైపు చూస్తుంది. హుజూరాబాద్‌లో ఆ సందు మొత్తానికి ఆడవాళ్ల బట్టలు కుట్టేది ఇరవై ఏళ్లు ఆమె ఒక్కతే. రెండేళ్ల కింద సాదియా వచ్చి ఎదురుగా మిషన్ పెట్టింది. పాతికేళ్లు కూడా లేని పిల్ల. అప్పటినుంచి ఆ దుకాణం బల్ల మీద ఎవరో ఒకరు కూచునే ఉంటారు. అది చూస్తే దెబోరాకు కడుపులో మంట. ఆ మంటతోనే చాయ్ తాగుతుంది, ఆ మంటతోనే ప్రార్థన కూడా చేస్తుంది.

మంట ఉంటే తప్పేం లేదు. కుట్టుపనికి అది కావాలి. కుట్టేవాళ్లెవరైనా ఒక డిజైన్ చూసి నిజంగా కుళ్లుకుంటే, అది ఆ బట్ట మీది నుంచి లేచి వచ్చి వాళ్ల కొంగు మీద వాలుతుంది. తెల్లారేసరికి తిరిగి పోతుంది. ఈలోపు కాగితం మీద దింపుకోవాలి. ఉత్తగా బాగుంది అనుకుంటే రాదు, ఒళ్లు మండాలి. ఆ విషయంలో దెబోరాను మించినవాళ్లు లేరు. ఏ పెళ్లికి పోయినా కొంగు నిండా పువ్వులతో తిరిగొచ్చేది. సాదియా చున్నీ మాత్రం ఎప్పుడూ ఖాళీ. ఎవరినీ చూసి కుళ్లుకోనంత పని వచ్చునని దీనికి మిడిసిపాటు అని దెబోరా పళ్లు కొరికేది.

ఇప్పుడు పాస్టర్ గారి బిడ్డ స్తుతి పెళ్లి వచ్చింది. ఆ పెళ్లి జాకెట్టు ఎవరు కుడితే ఇక సందులో టైలరంటే వాళ్లే. స్తుతి ఇద్దరినీ నొప్పించకుండా, "కరీంనగర్ల బట్టల ఎగ్జిబిషన్ పెట్టిండ్రు. ముగ్గురం పోదాం. ఎవలి డిజైన్ నచ్చితే వాళ్లకే ఇస్త" అంది.

దెబోరాకు ఇంకో భయం ఉంది, ఎవరికీ చెప్పనిది. ఏడాదిగా సన్న కుట్టు కనపడడం లేదు. అద్దాలు మార్చినా సూది కొన మసకే.

బస్సులో దెబోరా పోయి స్తుతి పక్కన కూచుంది. సాదియాకు వాళ్ల వెనక సీటు దొరికింది.

కరీంనగర్ ఫంక్షన్ హాల్ నిండా లైట్లు, బొమ్మలకు తొడిగిన జాకెట్లు. కొంగు చాపి నిలబడ్డ దెబోరాను చూసి స్టాల్ ఆయన, "తీస్కపోతే తీస్కపో అవ్వా. రేపు నేను దుకాణం తెరిచేటాల్లకు వాపస్ రావాలె, గంతే" అన్నాడు.

దెబోరా నెమళ్లను చూసింది. లతలను చూసింది. గంటసేపు చూసింది. ఒక్కటీ కదల్లేదు. ఎట్లా కదులుతాయి? ఉన్న కుళ్లంతా సాదియా మీదనే ఖర్చయిపోయింది. ఊరూ పేరూ తెలియని వాళ్ల మీద పెట్టడానికి చెంచాడు కూడా మిగల్లేదు.

"అబ్బా, గిదే! గిదే కావాలె నాకు" అని స్తుతి అరిచింది.

సాదియా పొద్దుటి నుంచి గుప్పిట్లో ముడిచి దాచుకున్న చున్నీ అంచు జారిపోయింది. దాని మీద ఒక డిజైన్ వాలి ఉంది. విచ్చుకున్న పత్తికాయలు, ఒక్కో కాయ చుట్టూ తెల్లదారంతో సన్నటి అల్లిక. చుట్టూ ఆడవాళ్లు మూగారు. దెబోరా వాళ్లను తోసుకుని ముందుకొచ్చింది. ఇన్నాళ్లు లేనిది ఈ పిల్లకు ఈరోజే కుళ్లు పుట్టాలా!

"ఏ స్టాల్‌ల చూసినవ్?" అంది స్తుతి.

సాదియా తల వంచుకుంది. "స్టాల్‌ల కాదు. దెబోరక్క వీపు మీద. బస్సుల వెనక కూసున్న గదా, గంటసేపు గదే చూసిన. నాకు గట్ల కుట్టరాదు. ఏడుపొచ్చింది."

దెబోరా చెయ్యి వెనక్కి పోయింది. జాకెట్టు మెడ కింద నున్నగా తగిలింది, అల్లిక లేదు. ఐదేళ్ల కింద తమ్ముడి పత్తి అమ్మడానికి జమ్మికుంట యార్డుకు పోతే అక్కడ మేకుకు తగిలి చిరిగింది. ఆ చిరుగు దాచడానికి వేసిన కుట్టు అది. వీపు మీదిది కాబట్టి మళ్లీ చూసుకున్నదే లేదు.

"అయితే ఆర్డర్ నీదే ఆంటీ" అంది స్తుతి.

తనను చూసి కూడా కుళ్లుకునే మనిషి ఒకరున్నారు! ఆ సంతోషం ఎంతసేపు? బస్సెక్కేదాకా. పక్కన కూచున్న సాదియాను చూడగానే కొత్త మంట రాజుకుంది. నోరు మూసుకుంటే ఆర్డర్ దానిదే అయ్యేది. అంతమందిలో నాకు రాదు అని ఎట్లా అనగలిగింది? నేనైతే చచ్చినా అనను. అంత ధైర్యం ఈ పోరికిచ్చి నాకెందుకు ఇవ్వలేదు ప్రభువా? మానకొండూరు దాటేదాకా మండుతూనే ఉంది. ఏ పట్టుబట్టను చూసీ ఆమె అంతగా కుళ్లుకోలేదు. కొంగు మీద ఏమీ వాలలేదు. గొంతులో మాత్రం ఏదో వచ్చి కూచున్నట్టైంది.

హుజూరాబాద్ బస్టాండులో దిగాక స్తుతి అడిగింది. "ఆంటీ, నెల రోజులల్ల అయితది గదా?"

అయితది అనబోయింది దెబోరా. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "కాదు బిడ్డా. నాకు కండ్లు కనవడ్తలేవు. ఏడాదాయె. గా కుట్టు ఇప్పుడు నాతోని కాదు. సాదియాకియ్యి."

స్తుతి బిత్తరపోయి సాదియా వైపు తిరిగింది. "మరి నీకొస్తదా?"

"ఎందుకు రాదు? మంచిగ వస్తది" అంది సాదియా రెప్ప వెయ్యకుండా. అబద్ధమాడడం ఆ పిల్లకు అదే మొదలు. ఆమె నిజం తెల్లారేదాకా దెబోరా గొంతులో ఉంది మరి.

మాట బయటికి రాకుండా దెబోరా పళ్లు బిగబట్టింది. లాభం లేకపోయింది.

"రాదు" అంది. "రేపటి సంది నా పక్కన కూసొని నేర్చుకుంటది."