వేడెక్కితే పెరగాల్సిన అంకె

మా ఆయనలో లోపాలు వెతికే తీరిక నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోక తప్పదు: ఆయనకు తెలియని విషయం ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో బాయిలర్ల వేడి కొలిచే పరికరాలు చూసుకుంటున్నారు. అక్కడ ఆయన కింద ఆరుగురు పనిచేస్తారు. ఇంట్లో ఆ ఆరుగురి పనీ నేనొక్కదాన్నే చేస్తాను. పాలు పొంగాయా, కాఫీ చల్లారిందా, అయ్యగారి బుర్ర ఏ మేరకు వేడెక్కింది అని కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మా బట్టల డ్రయ్యర్ మూడుసార్లు కీచుమని అరిచి, తెరమీద ‘ఈ-3’ అని చూపించి ఆగిపోయింది. లోపల మా అమ్మాయి యూనిఫామ్‌లు రెండు జతలూ తడిగా ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో నర్సుగా మొదటి డ్యూటీ. కొత్త గుడ్డ వాసన వేస్తోందని రెండు జతలూ ఒకేసారి ఉతికేసిన తెలివి నా బిడ్డది. యూనిఫామ్ లేకుండా వస్తే చేర్చుకోబోమని, ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి అమ్మాయికి ఇస్తామని అక్కడి పెద్ద నర్సమ్మ ముందే చెప్పిందట. బయట ఆరు రోజులుగా వాన. దండెం మీద మొన్నటి తువ్వాళ్ళే ఇంకా నీళ్ళు కారుస్తున్నాయి.

వారపు సెలవని లుంగీలో పేపరు చదువుతున్న మా ఆయన లేచొచ్చారు. మిషన్ని కాదు, మా ఇద్దర్నీ పరీక్షగా చూశారు.

“ఎన్ని బట్టలు కుక్కారు?”

“రెండు జతలు, ఒక దుప్పటి నాన్నా,” అంది అమ్మాయి.

“అదీ సంగతి! దుప్పటి కూడానా? గాలి ఆడక వేడి ఎక్కువైపోయింది. సెన్సర్ మాడిపోయుంటుంది.”

పిల్ల ముఖం ముడుచుకుపోయింది. వంటింటి సొరుగులోంచి నేను మిషన్ పుస్తకం తెచ్చి చూస్తే, ఈ-3 అంటే వేడి కొలిచే సెన్సర్ నుంచి కబురు అందట్లేదని రాసుంది. మాడిందని లేదు, దుప్పటి ఊసు అంతకన్నా లేదు. ఆ మాటే చెప్పాను.

“పుస్తకాలు అలాగే రాస్తారోయ్. అనుభవం వేరు,” అన్నారాయన.

ఈలోగా మా అత్తయ్య ఒక ప్యాంటు తీసుకుని ఇస్త్రీపెట్టెతో యుద్ధం మొదలుపెట్టారు. మందపాటి గుడ్డ. అరగంటకి మోకాలి దాకా ఆరింది, ఆవిరికి అత్తయ్య కళ్ళద్దాలు తడిశాయి.

“ఒరేయ్, ఈ లెక్కన చొక్కా ఎల్లుండికి ఆరుతుంది. నువ్వు కానీరా,” అన్నారావిడ.

ఆయన ప్లగ్గు పీకి, మిషన్ని గోడ నుంచి జరిపి, వెనక రేకు స్క్రూలు విప్పారు. రేకు లోపలివైపు ప్లాస్టిక్ సంచిలో మడిచి అతికించిన కాగితం ఒకటి బయటపడింది. దాన్ని చదివారనుకుంటున్నారా? టీ కప్పు కింద పెట్టుకున్నారు, నేల మీద మరక పడకుండా. ఎంత శుభ్రత!

గాలి గొట్టం పక్కనుంచి చిక్కుడుగింజంత సెన్సర్ని ఊడదీసి, దాని రెండు కాళ్ళకీ, కరెంటుకి అడ్డు ఎంతుందో కొలిచే మీటరు తగిలించారు. పదకొండు వేల ఓములు చూపించింది. అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెప్పించి దాని మీద వేడిగాలి ఊదారు. అంకె తొమ్మిదికి, ఆరుకి, నాలుగు వేలకి జారింది.

“చచ్చింది!” అని ప్రకటించారు, నాడి చూసిన డాక్టరులా. “వేడెక్కితే అంకె పెరగాలి. ఇది తగ్గుతోంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, నాకు చెప్తారా?”

ఎదురు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆయనకా వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది.

“కొత్తది ఎప్పుడు దొరుకుతుంది నాన్నా?”

“కనుక్కుంటాను. నాలుగు రోజులు పట్టొచ్చు.”

అమ్మాయి గోడ గడియారం వైపు చూసి, వెళ్ళి నానమ్మ పక్కన ఇస్త్రీకి కూర్చుంది. పదకొండైంది. ఆయన ఫోను పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి దుకాణాలవాళ్ళకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

నేను టీ కప్పు ఎత్తి, కాగితం తీశాను. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివానన్న సంగతి పెళ్ళిచూపుల్లో ఒకసారి ప్రస్తావనకు వచ్చింది. తర్వాత పాల లెక్కకి తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. కాగితం మీద పట్టిక ఉంది: ఇరవై ఐదు డిగ్రీల దగ్గర పది వేలు, యాభై దగ్గర సుమారు మూడువేల ఆరొందలు. అంటే ఈ జాతి సెన్సర్లో వేడెక్కితే అంకె తగ్గాలి. బాయిలర్లలో ఆయన చూసే జాతి వేరు. పాపం, ఆ చిక్కుడుగింజ తన పని తాను బుద్ధిగా చేస్తుంటే బతికుండగానే పాడె కట్టేశారు.

సెన్సర్ బాగుంటే కబురు దారిలో ఆగిందన్నమాట. సెన్సర్ని మళ్ళీ తగిలించి, దాని తీగలు మిషన్ బుర్రకు చేరే చోట గుండీలాంటి కనెక్టర్ ఊడదీసి, అక్కడ మీటరు పెట్టాను. ఏమీ చూపించలేదు. తీగని వేలితో తడుముకుంటూ వెళ్ళాను. రేకు మూల స్క్రూ ఉండే చోట అది అప్పడంలా అణిగిపోయి ఉంది. పైతొడుగు చిట్లి, లోపల రాగి తెగింది.

పోయిన నెల ఆ రేకు విప్పి బిగించింది ఒక్కరే. మిషన్ ఏదో గలగలమంటోందని విప్పి, లోపల పడిన చొక్కా గుండీ తీసి, దాన్ని వారం రోజులు అందరికీ చూపించుకున్నారు కూడా.

“ఏమండీ, ఒకసారి వస్తారా?” అని పిలిచాను. ఇంత తీపిగా నేను పిలిస్తే ఆయన జాగ్రత్తపడతారు. వచ్చి, వంగి చూశారు. కాగితం కూడా చేతికిచ్చాను. పట్టికని పైనుంచి కిందికి చదివి, కిందినుంచి పైకి మళ్ళీ చదివారు, ఎటైనా ఒకవైపు పెరుగుతుందేమోనని.

“ఊఁ,” అన్నారు. “ఎలకలు కొరికుంటాయి.”

“స్క్రూడ్రైవరు పట్టుకునే ఎలకలా?”

ఆయన పనిముట్ల పెట్టె తెరిచారు. పని మాత్రం శుభ్రంగా చేశారు. తెగిన చోట కత్తిరించి, రాగి మెలేసి, అతుకు వేసి, వేడిని తట్టుకునే గొట్టం తొడిగి, ఈసారి తీగని రేకుకి జానెడు దూరంలో కట్టారు. ఆ పనితనం చూస్తే నాకే కాస్త గర్వంగా అనిపించింది. పైకి చెప్పలేదు, పొగిడితే పొంగిపోకుండా ఆపడానికి ఆయన బుర్రకు ఏ సెన్సరూ లేదు కదా.

పన్నెండుంబావుకి ప్లగ్గు పెట్టారు. ఈ-3 లేదు. డ్రయ్యర్ గిర్రున తిరిగింది. నలుగురం దాని గాజు తలుపు ముందు నిలబడ్డాం. ఒంటిగంట దాటిన పది నిమిషాలకి యూనిఫామ్ పొడిగా, వెచ్చగా బయటికొచ్చింది.

అమ్మాయి ఆదరాబాదరాగా తయారై, చెప్పులేసుకుని, గుమ్మంలో ఆగింది.

“సారీ నాన్నా. ఇంకెప్పుడూ దుప్పటి కలిపి వెయ్యను. నావల్ల మీ సెలవంతా పాడైంది.”

నేను గొడుగు విప్పుతూ ఉండిపోయాను. నోటిదాకా వచ్చిన మాటని మింగాను. అది చెప్పాల్సిన నోరు వేరు. అత్తయ్య ఇస్త్రీపెట్టె తీగ చుట్టడం ఆపి కొడుకునే చూస్తున్నారు. ఆయన నా వైపు చూశారు. నేను గొడుగు పుల్లలు లెక్కపెట్టుకున్నాను.

“పర్లేదులే, వెళ్ళిరా,” అన్నారాయన. పిల్ల మెట్లు దిగింది. మూడో మెట్టు మీదుండగా, వీధంతా వినపడేలా కేకేశారు:

“అమ్మలూ, ఆగు! దుప్పటి వల్ల కాదు. పోయిన నెల రేకు కింద తీగ నలగ్గొట్టింది నేనే. సెన్సర్ చచ్చిందనడమూ తప్పే. మీ అమ్మ చెప్పిందే నిజం... నాదే తప్పు.”