తడవకుండా దాచిన లైఫ్ జాకెట్

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. నారింజ రంగు, మూడు పట్టీలు, లోపల నీళ్లు పీల్చని నురగ పలకలు. మనిషిని నీటిమీద తేల్చడం తప్ప నాకు మరో పని చేతకాదు. ఆ ఒక్క పనీ నాచేత చేయించుకోవడం మనుషులకు చేతకాదు. తనకు ఈతొచ్చని పదిమందికీ చెప్పుకుని మరీ మునిగే ప్రాణి లోకంలో మనిషొక్కడే.

నన్ను ఒక రేకుల షెడ్డులో కుట్టారు. కుట్టిన అమ్మాయి పట్టీ లాగి చూసి, "గట్టిగానే ఉంది" అనుకుంది. నన్ను ఎవరైనా శ్రద్ధగా చూడడం అదే మొదలు. ఆ తర్వాత చాలాకాలం అలాంటి మనిషి మళ్లీ కనబడలేదు.

నన్ను మొదట కొన్నవాడు వీరాస్వామి. గోదావరిలో షికారు పడవలు తిప్పేవాడు. మా అందరినీ ప్లాస్టిక్ కవర్లు తీయకుండానే పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఎవరైనా అడిగితే, "కొత్తవండీ, నీళ్లు తగిలితే పాడైపోతాయి" అనేవాడు. తడుస్తుందని వానలో గొడుగు చంకలో పెట్టుకుని నడిచేవాణ్ణి మీరు చూశారో లేదో, నేను చూశాను. వాడి దగ్గరే పెరిగాను.

వీరాస్వామి పడవలు మూలపడ్డాక, పాత ఇంజను కొనుక్కున్న కామరాజుకి నన్ను కొసరుగా పడేశారు, కూరగాయలతో కొత్తిమీర ఇచ్చినట్టు. కామరాజుది కోరంగి మడ అడవుల పక్క పల్లె. చిన్న నావలో ఒంటరిగా పాయల్లోకి వెళ్లి పీతలు పట్టడం వాడి జీవనం. నావలో నన్ను పిర్రల కింద వేసుకునేవాడు. ఇంటికొచ్చాక తలకింద పెట్టుకునేవాడు. ఒక వర్షాకాలం కోడిపెట్ట నామీద గుడ్లు పొదిగింది. నాకు కట్టి ఉన్న ఈలని వాలీబాల్ పోటీలకి కావాలని ఊరి కుర్రాళ్లు అడిగితే కామరాజు పీకి ఇచ్చేశాడు. ఒంటిమీద తప్ప నన్ను వాడని చోటు లేదు.

"అది తొడుక్కోవయ్యా" అని భార్య మసేనమ్మ అడిగితే మీసం దువ్వేవాడు.

"గంగమ్మ ఒడిలో పుట్టినోణ్ణే నేను. నాకెందుకే ఈ బొంత?"

గంగమ్మ ఒడిలో పుట్టినవాళ్లు ఎంతమంది ఆవిడ కడుపులోకే పోయారో మసేనమ్మకి తెలుసు. ఆమె అన్న ఇలాగే ఒంటరిగా వేటకి వెళ్లి తిరిగిరాలేదు. మడ అడవిలో పాయలు చేతివేళ్లలా చీలిపోతాయి. ఏ పాయలో వెతకాలో ఊళ్లో ఒక్కరికీ తెలియలేదు. ఎందుకు తెలియలేదంటే, ఎవరూ అడగలేదు. బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే అపశకునం కదా! ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ శకునం మాత్రం చెడకూడదు. ఇంతటి బుద్ధిమంతుల మధ్య పడ్డాను నేను.

ఆరోజు కామరాజు తెడ్డు భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. సెల్‌ఫోన్ తడిసిపోతుందని గూట్లో పెట్టేశాడు. వెనకనుంచి మసేనమ్మ అడగనే అడిగింది.

"ఎక్కడికి?"

కామరాజు తేలుకుట్టినవాడిలా వెనక్కి తిరిగాడు. "బయల్దేరినోణ్ణి ఎక్కడికని అడుగుతావేటే! బుద్ధుందా నీకు?"

"లేదు. ఏ పాయకో సెప్పు."

వాడు తిట్టుకుంటూ వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగాడు. శకునానికి విరుగుడు అదే మరి. లేచేటప్పుడు, "నక్కలపాయకి. మజ్జాన్నానికొచ్చేత్తాను. ఇంక నోరు మూసుకో" అన్నాడు.

నక్కలపాయలో ఏం జరిగిందో చెబితే మీరు తుఫాను, సుడిగుండం అనుకుంటారేమో. అలాంటిదేమీ లేదు. మహావీరుడు నావ అంచుమీద నిలబడి లుంగీ ఎత్తాడు, అంతే. నావ ఒరిగింది. వాడు ఒకవైపు, వాడి పిర్రల కింద ఉండాల్సిన నేను ఒకవైపు నీళ్లలో పడ్డాం. నావ మాత్రం బరువు వదిలిందన్నట్టు హాయిగా కొట్టుకుపోయింది.

ఈత వచ్చు, నిజమే. కానీ మడచెట్ల వేర్లకి కరుచుకున్న ఆల్చిప్పలు వాడి కాలిని చీరేశాయి. బురద మోకాళ్లదాకా లాగేసింది. సముద్రం పోటెత్తి పాయలో నీళ్లు పెరగడం మొదలైంది. అప్పుడు నేను గుర్తొచ్చాను. నన్ను రెండు చేతులా కావలించుకుని, ఒక వేరు పట్టుకుని వేలాడాడు. తొడుక్కోబోయాడు గానీ పట్టీలు ఎలా పెట్టాలో తెలిస్తేగా! ఈల కోసం తడిమాడు. ఈల ఊళ్లో పాయింట్లు లెక్కపెడుతోంది. అరిచి అరిచి గొంతు పోయింది. నీళ్లు ఛాతీ దాటి మెడకొచ్చాయి. "మసేనూ" అని ఏడ్చాడు. వాణ్ణి ఎంత అసహ్యించుకున్నా, ఆ ఏడుపు విన్నప్పుడు నాకూ భయం వేసింది.

మధ్యాహ్నం దాటినా మొగుడు రాకపోయేసరికి మసేనమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదట. మరిదిని లేపి, వాడి నావ ఎక్కి, ఏ పాయా వెతక్కుండా తిన్నగా నక్కలపాయకి వచ్చింది. నారింజ రంగు దూరాన్నుంచే కనబడింది. ఒడ్డుకి లాగాక కామరాజు కళ్లు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"నువ్వు ఎక్కడికని అడగబట్టే ఇదంతా."

అడక్కపోతే శవం కూడా దొరికేది కాదు వెధవకి!

ఇంతటితో అయిపోలేదు. గంగమ్మే జాకెట్టు రూపంలో వచ్చి కాపాడిందని ఊరంతా తేల్చింది. నాకు పసుపు పూసి, బొట్టు పెట్టి, ఒడ్డునున్న గుడిలో అమ్మవారి మెడలో వేశారు. అప్పటినుంచి వేటకి వెళ్లేవాళ్లు నాకు దండం పెట్టుకుని, ఖాళీ ఒంటితో నావలెక్కి పోతున్నారు. ప్లాస్టిక్ కవరుకీ పసుపుకీ నాకు తేడా కనబడలేదు. మళ్లీ నన్ను తడవకుండా దాచారు.

కాలు మానాక కామరాజు కూడా వచ్చాడు. కళ్లు మూసుకుని భక్తిగా దండం పెట్టి, తెడ్డు అందుకున్నాడు. వెనకే వచ్చిన మసేనమ్మ తిన్నగా గర్భగుడిలోకి పోయి, అమ్మవారి మెడలోంచి నన్ను తీసేసింది.

పూజారి కేకలేశాడు. "అపచారం! అమ్మోరి ఒంటిమీద సొమ్మే అది!"

"అమ్మోరు మునిగిపోద్దేటి?" అంది మసేనమ్మ. "మునిగేది ఈడు."

ఆమె నన్ను మొగుడి ఒంటికి తొడిగి, మూడు పట్టీలూ పెట్టి, షెడ్డులో ఆ అమ్మాయి లాగినట్టే ఒకసారి లాగి చూసింది.

"ఎక్కడికి?" అని అడిగింది, అందరి ముందూ.

కామరాజు తిట్టడానికి నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. చివరికి తల దించుకుని, "నక్కలపాయకే" అన్నాడు.

నావ కదిలింది. వాడి గుండె నా నురగకి తగులుతూ కొట్టుకుంటోంది. వెధవ గుండె. అయినా కొట్టుకుంటోంది.