యాభై ఎనిమిది అంగుళాలు

శుక్రవారం పొద్దున ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది. ఫోను ఎత్తడం నా పని కాదు. ఎత్తి మాట్లాడడం మేడం పని. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పొయ్యి మీది గిన్నె మాడకుండా చూడడం నా పని. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఆ రెండో అంతస్తు ఇంట్లో ఆరేళ్ళుగా పనులు అలాగే పంచుకున్నాం. ఆ రోజు మాత్రం హబీబున్నీసా మేడం కాసేపు మాట్లాడి, రిసీవరు నా వైపు చాచి వింతగా చూసింది.

"ఇగో శివకుమారీ, నీతోని మాట్లాడుతదట."

"నాతోనా? ఎవరు మేడం?"

"ఇంకెవరు? సబ్రీన్. పోయి పదిహేను దినాలు కాలే, అప్పుడే పిచ్చి లేసింది పోరికి."

ఆరేళ్ళలో నాకోసం ఆ ఇంటికి ఫోను రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ పెట్టెను చొక్కా మీదే వదిలేసి పరుగెత్తాను. వచ్చేసరికి ఫరీదుద్దీన్ సార్ తెల్ల చొక్కా వీపున గోధుమరంగు ముద్ర పడింది. దాని తిట్లు తర్వాత తిన్నాను.

సబ్రీన్ వాళ్ళకి ఒక్కతే కూతురు. జగిత్యాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేను రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఈ ఇంటికి పనికి వచ్చినప్పుడు ఆ పిల్లకి పన్నెండేళ్ళు. ఇప్పుడు ఇళ్ళు గీసే చదువుకి గ్లాస్గో వెళ్ళింది. పెట్టె సర్దింది నేనే. స్వెట్టర్లు, ఊరగాయ సీసా, కుక్కర్ అన్నీ పెట్టాను. ఆ పిల్లకి పొయ్యి వెలిగించడం రాదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకు కూడా.

"అక్కా, పప్పుల నీళ్ళు ఎన్ని పోస్తరు?" అని మొదలుపెట్టి ఏడ్చేసింది. తొమ్మిది రోజులు రొట్టె ముక్కలే తిన్నదట. పదో రోజు పప్పు పెడితే మాడి, పొగకి గంట మోగి, హాస్టలంతా తువ్వాళ్ళు చుట్టుకొని వానలోకి పరుగెత్తిందట. బట్టలు ఉతుక్కుంటే తెల్ల కమీజులన్నీ గులాబీ రంగయ్యాయట. "ఈడ ఎవ్వల పని వాళ్ళే చేసుకుంటరక్కా. నాకు ఏది రాదని అందరికి తెలిసిపోయింది."

తర్వాత అసలు సంగతి చెప్పింది. మొదటి పాఠమే ఇది: మీరు పెరిగిన ఇల్లు కొలతలతో గీసుకురండి.

"అందరు గీస్తున్రు. నాకు మన కిచెన్ల సింకు ఏ దిక్కుంటదో యాదికొస్తలేదు. ఆ ఇంట్లనే పెరిగిన గదా, ఎట్ల మర్సిపోయిన?"

"సార్‌ని అడగరాదా పాపా?"

"పప్పా నవ్విండు. అమ్మీ తిట్టింది. నువ్వే కొలిచి పంపు. నీకైతే అంతా తెలుస్తది. దినాం తుడుస్తవ్ గద."

నిజమే. ఆ ఇల్లు నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. హాలు ఎన్ని తుడుపులో, మేడం గది మంచం కింద నడుము ఎంత వంచాలో, బాత్‌రూములో ఏ పలక కింద నీళ్ళు నిలుస్తాయో నా ఒంటికి తెలుసు. అంగుళాల్లో తెలియదు, అంతే. నేను ఏడో తరగతి దాకా చదివాను. కూడికలు, హెచ్చవేతలు నాకు ఇష్టం. పెళ్ళయిన కొత్తలో పలక పట్టుకుంటే మా అత్త నాగలక్ష్మి, "సాలమ్మా సదువు, గోడలకు లెక్కలు నేర్పుతావా?" అనేది. ఇదిగో అత్తా, చివరికి గోడల లెక్కకే వచ్చాను.

జాకెట్లు కుట్టుకునే టేపు నా పెట్టెలో ఉంది. అరవై అంగుళాలది. దాన్ని బొడ్లో దోపుకొని వారం రోజులు కొలిచాను. ఒక గది తుడవడం, ఒక గోడ కొలవడం. హాలుకు టేపు నాలుగుసార్లు పరిచినా ఇంకా మూరెడు మిగిలింది. అంత హాలు, వారానికి ఒకసారి వచ్చే చుట్టాలు కూర్చోడానికి. మూడు పూటలా మనుషులకు తిండి పుట్టే వంటిల్లు మాత్రం తొమ్మిదడుగులకు ఆరడుగులు. కిటికీ లేదు. ఏసీ హాల్లో ఉంది, సబ్రీన్ గదిలో ఉంది, వాళ్ళ గదిలో ఉంది. అంకెలు రాసుకుంటూ పోతుంటే నాకు కోపం వచ్చింది. అది ఎవరి మీదో అప్పటికి తెలియలేదు.

"తుడువమంటె కొలుస్తున్నవా?" అనేది మేడం. "ఇల్లు అమ్ముకుంటవా ఏంది?"

సింకు ఎత్తు, తలుపుల వెడల్పు, చెప్పుల స్టాండు లోతు, ఫ్రిజ్ ఉన్న మూల అన్నీ రాశాను. నాలుగు కాగితాలయ్యాయి. ఫరీదుద్దీన్ సార్ వాటిని ఆఫీసులో ఫ్యాక్స్ చేస్తానని తీసుకెళ్ళాడు. ఒక్కో కాగితం తిరగేసి, "అరె, మన ఇంట్ల ఇంజనీరమ్మ ఉన్నది, నాకు తెల్వలే," అని నవ్వాడు. పోతూ పోతూ ఫ్రిజ్ మీద ఇంకో కాగితం పెట్టాడు. ఇంకో రెండేళ్ళకు నా వీసా కాగితం. "సంతకం చేసి పెట్టు. మీ ఆయన గూడ ఖత్ రాసిండు, ఉంచుకొమ్మని."

మా ఆయన గిరి. నాకు ఉత్తరం రాయడానికి తీరిక లేక క్యాసెట్ పంపుతాడు. పోయిన నెల క్యాసెట్లో ఇల్లు మొదలుపెట్టానని చెప్పి, మేస్త్రి గీసిన పటం కూడా మడిచి పంపాడు. నేను చూశాను. గీతలు గీతల్లాగే ఉన్నాయి. మురిసిపోయి పెట్టెలో దాచుకున్నాను.

మూడో శుక్రవారం ఇంట్లో నేను ఒక్కదాన్నే. సార్ తమ్ముడు హమీదుద్దీన్ మెసయీద్‌లో కంపెనీ క్వార్టర్సులో ఉంటాడు. సార్, మేడం అక్కడికి భోజనానికి పోయారు. పన్నెండు దాటాక ఫోను మోగింది. ఎత్తాలా వద్దా అని నాలుగు మోతలు నిలబడి, ఎత్తాను.

"అక్కా." గొంతు వేరేగా ఉంది.

"ఏంది పాపా, పప్పు మళ్ళా మాడిందా?"

నవ్వలేదు. "నిన్న మా బొమ్మలన్ని గోడకు పెట్టిండ్రు. మా టీచర్ ముసలామె. నా బొమ్మ ముందట నిలవడి చానాసేపు చూసింది. ఇంత సక్కటి కొలతలు ఎవ్వరియి లెవ్వు, ఎవలు కొలిచిండ్రు అన్నది. మా ఇంట్ల పనిచేసే అక్క అన్న. ఆమె గూడ ఆ ఇంట్లనే ఉంటదా అన్నది. ఆరేండ్ల సంది అన్న. మరి ఆమె ఎక్కడ పడుకుంటది, చూపియ్యి అన్నది."

నేను రిసీవరు రెండో చెవికి మార్చాను.

"బొమ్మంతా ఎతికిన అక్కా. అందరి ముందట. ఏలుతోని ఎతికిన. లేదు. నేను గీయలే. సిగ్గుతోని సచ్చిపోయిన. రూముకొచ్చి నీ కాగితాలు తీసి చూసిన. అండ్ల గూడ లేదు. చెప్పులు పెట్టే జాగ రాసినవ్. నీ జాగ ఎందుకు రాయలే అక్కా?"

ఆమె ఫోను కార్డు అయిపోయిందో, ఏడుస్తూ పెట్టేసిందో, లైను తెగింది. నా చేతిలో రిసీవరు అలాగే ఉంది. ఎవరో వెనక నుంచి నెత్తిన కొట్టినట్టయింది. ఎందుకు రాయలేదు? మర్చిపోయానా? మర్చిపోవడానికి అది గుర్తుంటే కదా! వారం రోజులు టేపు పట్టుకొని ఇల్లంతా తిరిగాను. వాషింగ్ మెషిన్ వెడల్పు రాశాను. దాని పక్కన పడుకునే నన్ను రాయలేదు. నన్ను ఎవరూ తీసేయలేదు. నేనే తీసేశాను.

వంటింటి వెనక సందు. అందులో ఒక పక్క మెషిన్, ఇంకో పక్క గోడ. మధ్యలో నేను. పొద్దున ఐదింటికి పరుపు చుట్టి మెషిన్ మీద పెడతాను. పగలు అక్కడ మనిషి ఉంటుందన్న గుర్తు మిగలకూడదు. వచ్చిన మొదటి రోజే మేడం చెప్పింది: "చుట్టాలొస్తె మంచిగుండది, కనవడనియ్యకు." కనపడనియ్యలేదు. చివరికి నాకే కనపడలేదు.

టేపు తీశాను. తల వైపు గోడ నుంచి కాళ్ళ వైపు మెషిన్ గొట్టం దాకా పొడవుగా పరిచాను. టేపు పూర్తిగా పట్టలేదు. రెండంగుళాలు మిగిలింది. యాభై ఎనిమిది. తర్వాత గోడకు వీపు ఆనించి, నెత్తి మీద పెన్సిలుతో గీత పెట్టి నన్ను నేను కొలుచుకున్నాను. అరవై రెండు.

నేను పట్టని చోట ఆరేళ్ళు పడుకున్నాను.

ముడుచుకొని పడుకోవడం నా అలవాటు అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. రెండేళ్ళ కింద సెలవుకు పోయినప్పుడు గిరి నవ్వాడు: "ఏందే, పిల్లి మాదిరి ముడుసుకోని పడుకుంటావు? కాళ్ళు సాపు." నాకు ఇట్లే బాగుంటుందిలే అన్నాను. అత్త ఇంటింటికీ చెప్పింది: "మా కోడలు కువైట్ పోయొచ్చి సుకం మరిగినాది, సలికి ముడుసుకుంటాది." మా ఊరికి గల్ఫ్ అంతా కువైటే. పొద్దున లేస్తే మోకాళ్ళు పట్టేస్తే వయసు అనుకున్నాను. నాకు ముప్పై మూడేళ్ళు. నా మోకాళ్ళు ఈ ఇంటి గోడ కొలత ప్రకారం పెరిగాయి, నాకు తెలియకుండానే.

అప్పుడు గుర్తొచ్చింది పెట్టెలోని పటం. ఇప్పుడు నాకు గీతలు చదవడం వచ్చు. నేల మీద పరిచి చూశాను. ముందు హాలు, అందులో గిరి రాత: "టీవీ, నేను, స్నేహితులు." పెద్ద గది గిరి తమ్ముడికి, మరదలికి. దాని పక్కన వాళ్ళమ్మ గది. మోటర్‌సైకిల్‌కి ఒక చోటు, కప్పుతో సహా. వెనక రేకుల కింద వంటిల్లు, ఎనిమిదడుగులకు ఐదు. వేలు పెట్టి నా చోటు వెతికాను, సబ్రీన్ వెతికినట్టే. క్యాసెట్లో గిరి మాట అప్పుడు వినిపించింది. నెల కింద విన్నాను, చెవిన పడలేదు: "నువ్వు వచ్చినా నెల రోజులే కదా, యాడో ఒకసోట సర్దుకుంటావులే."

ఆ ఇటుకల్లో నా చేతులు కడిగిన ప్రతి గిన్నె ఉంది. మోటర్‌సైకిల్‌కి చోటుంది.

పరుపు చంకలో పెట్టుకొని సబ్రీన్ గదికి నడిచాను. ఖాళీగా ఉన్న గది. రోజూ దుమ్ము దులుపుతున్నాను, ఎవరి మీదా పడని దుమ్ము. పదకొండడుగులకు పన్నెండు. నేల మీద పరుపు పరిచాను.

సార్, మేడం నాలుగింటికి వచ్చారు. మేడం గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమాయె? పానం బాగ లేదా? ఈడెందుకు పర్సినవ్?"

"బాగుండాది మేడం. ఇంక ఈడే పడుకుంటా. సందులో నేను పట్టను."

"ఆరేండ్లు పట్టినవ్ గద!"

"పట్టలేదు మేడం. ముడుసుకున్నా. ఆడ యాభై ఎనిమిది అంగుళాలు. నేను అరవై రెండు."

"అబద్ధం," అంది మేడం. కోపం కన్నా భయం ఎక్కువుంది ఆ గొంతులో. సార్ నా చేతిలోంచి టేపు తీసుకొని సందులోకి పోయాడు. కాసేపటికి వచ్చాడు. పెద్ద మనిషి, ఇంజనీరు, లెక్క తప్పని మనిషి.

"యాభై తొమ్మిదున్నది," అన్నాడు.

"అయితే మీరొకతూరి పడుకోని సూడండి సార్."

సార్ చేతిలోని టేపును చుట్టసాగాడు. చుట్టడం రాలేదు, మళ్ళీ జారింది.

"ఇది సబ్రీన్ గది," అంది మేడం చివరికి.

"తెలుసు మేడం. ఆ పాపే అడిగింది నా జాగ యాడని. మళ్ళా ఫోన్ చేస్తే ఏమి చెప్పమంటారు?"

నేను తలుపు వేసి లోపల గడియ పెట్టుకున్నాను. ఆరేళ్ళలో నా వైపు నుంచి గడియ పడిన మొదటి తలుపు. పరుపు మీద వెల్లకిలా పడుకొని కాళ్ళు చాపాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. సాగలేదు. రెండు చేతులతో తొడలు నొక్కి, ఒక్కొక్క కాలినీ బలవంతంగా నేలకు ఆనించాను. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మడవలేదు.

కాసేపటికి లేచి సబ్రీన్ బల్ల సొరుగులో మిగిలిన పెన్సిలు తీశాను. గిరి పంపిన పటంలో మోటర్‌సైకిల్ చోటు మీద అడ్డంగా గీత కొట్టి, దాన్ని పక్కకు పెంచి ఒక గది గీశాను. పదకొండుకు పన్నెండు. తూర్పున కిటికీ. తలుపు, గడియ లోపలి వైపు. కింద రాశాను: "ఇది శివకుమారిది. ఇది లేచేదాకా ఫ్రిజ్ మీది వీసా కాగితానికి నా సంతకం లేదు."